మూడు చక్రాల మోటారుసైకిల్‌పై గేరు ఎప్పుడు మార్చాలి

మూడు చక్రాల మోటారుసైకిల్ నేర్చుకునేవారు మొదట అడిగేది, ఏ వేగం దగ్గర ఏ గేరు వేయాలన్నదే. వేగానికి ఎదురుగా గేరు అంకె వేసి ఒక పట్టిక తయారుచేయడం కష్టమేమీ కాదు. అయితే అలాంటి పట్టిక చదునైన రోడ్డు మీద, ఒక్కరే కూర్చుని, నిదానంగా వేగం పెంచుకుంటూ పోయే బండికి మాత్రమే సరిపోతుంది. వెనుక మరొకరు కూర్చున్నా, ఎదురుగాలి వీచినా, దారి కొంచెం ఎత్తెక్కినా, అదే వేగం దగ్గర అదే గేరు ఇక పనికిరాదు. గేరు ఎప్పుడు మార్చాలో తేల్చేది ఆ క్షణంలో ఇంజిన్ మీద పడుతున్న భారం. వేగం ఆ భారానికి ఒక సూచన మాత్రమే. ఆ భారాన్ని చెవితో, చేతితో, కూర్చున్న సీటుతో గుర్తుపట్టడమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య.

రెండు చక్రాల బండి నడిపిన అనుభవం ఈ విద్యలో కొంత సాయపడుతుంది, కొంత అడ్డుపడుతుంది. ఎడమ చేతికి క్లచ్, ఎడమ కాలికి గేరు లివర్, కుడి చేతికి యాక్సిలరేటర్ ఉండే అమరిక చాలా బండ్లలో అదే. తేడా అంతా బండి స్వభావంలో ఉంది. ఈ బండ్లలో ఎక్కువ రకాలు మలుపులో పక్కకు వంగవు, ఆగినప్పుడు పడిపోవు, బరువు మాత్రం చాలా ఎక్కువ. హార్లీ-డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్ ఇంధనంతో సహా 550 కిలోలు దాటుతుంది. క్యాన్-ఆమ్ స్పైడర్ ఆర్‌టీ ఇంధనం లేకుండానే 450 కిలోల పైచిలుకు ఉంటుంది. రెండు చక్రాల మీద తప్పు గేరులో నెమ్మదిగా మలుపు తిరిగితే బండి తూలిపోయి ఆ తప్పును వెంటనే చెబుతుంది. మూడు చక్రాల మీద అదే తప్పు చేసినా బండి నిటారుగా సాగిపోతుంది కనుక, తప్పు తెలియకుండానే అలవాటుగా మారిపోతుంది. అందువల్ల నేర్చుకునే తొలి రోజుల్లోనే ఇంజిన్ చెప్పే గుర్తులను శ్రద్ధగా గమనించాలి.

మీ బండి ఏ రకానిది

అన్నింటికంటే ముందు, మీ బండిలో ఇంజిన్ శక్తి ఏ చక్రానికి వెళుతుందో తెలుసుకోండి. ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు ఉండే బండ్లలో శక్తి డిఫరెన్షియల్ (మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ద్వారా వెనుక రెండింటికీ చేరుతుంది. ట్రై గ్లైడ్, పెద్ద మోటారుసైకిళ్లను మార్చి తయారుచేసిన ట్రైకులు చాలామటుకు ఈ కోవలోవే. ముందు రెండు చక్రాలు, వెనుక ఒకటి ఉండే స్పైడర్ వంటి వాటిలో శక్తి అంతా ఆ ఒక్క వెనుక చక్రానికే చేరుతుంది. పక్కన తొట్టి కట్టిన సైడ్‌కార్ బండ్లు మూడో రకం. యమహా నికెన్ వంటివి మూడు చక్రాలున్నా మలుపులో వంగుతాయి, వాటి 6 గేర్లనూ మామూలు మోటారుసైకిల్ మీద మార్చినట్టే మార్చవచ్చు.

తర్వాత గేరుబాక్సు సంగతి. క్యాన్-ఆమ్ రైకర్, పియాజ్యో ఎంపీ3 వంటి వాటిలో బెల్టుతో నడిచే ఆటోమేటిక్ అమరిక ఉంటుంది కనుక గేరు మార్చే పనే లేదు. స్పైడర్ కొన్ని రూపాల్లో చేతి క్లచ్‌తోనూ, కొన్నింటిలో క్లచ్ లివర్ లేకుండా ఎడమ చేతి వేళ్లతో మార్చే విధంగానూ వచ్చింది. ఈ రెండో రకం గురించి చివర్లో చెబుతాను. హార్లీ-డేవిడ్‌సన్ 1932 నుంచి 1973 వరకు తయారుచేసిన సర్వీ-కార్‌లో గేరు లివర్ పెట్రోలు ట్యాంకు పక్కన ఉండేది, చేత్తో మార్చవలసి వచ్చేది; అలాంటి పాత బండి దొరికినవారు దాని పద్ధతిని విడిగా నేర్చుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా ఎడమ కాలితో గేరు మార్చే బండి గురించి: లివర్‌ను కిందికి నొక్కితే మొదటి గేరు, పైకి ఎత్తుతూ పోతే న్యూట్రల్ దాటి రెండు, మూడు, నాలుగు, ఆపైన ఉన్నవి.

గేరు మారినప్పుడు ఇంజిన్ వేగం ఎంత పడుతుంది

ఈ భాగంలో కొంచెం లెక్క ఉంది, కానీ దాన్ని ఒక్కసారి అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. బండి వేగం మారకుండా గేరు మాత్రమే పెరిగితే, ఇంజిన్ తిరిగే వేగం ఆ రెండు గేర్ల నిష్పత్తి ప్రకారం తగ్గుతుంది. లెక్క కోసం ఒక గేరుబాక్సును ఊహించుకుందాం. దానిలో మొదటి గేరు నిష్పత్తి 3.0, రెండోది 2.0, మూడోది 1.5, నాలుగోది 1.2, ఐదోది 1.0 అనుకోండి (ఈ అంకె ఎంత పెద్దదైతే, అదే బండి వేగానికి ఇంజిన్ అంత ఎక్కువగా తిరుగుతుంది). మొదటి గేరులో ఇంజిన్ నిమిషానికి 4,500 చుట్లు తిరుగుతుండగా రెండో గేరు వేస్తే అది 3,000కు పడుతుంది. నాలుగో గేరులో అదే 4,500 దగ్గర ఐదో గేరు వేస్తే 3,750కి మాత్రమే పడుతుంది. అంటే కింది గేర్ల మధ్య దూరం పెద్దది, పై గేర్ల మధ్య దూరం చిన్నది.

దీని నుంచి పనికొచ్చే నియమం ఒకటి తీయవచ్చు. గేరు మార్చిన తర్వాత ఇంజిన్ ఎక్కడ ఉండాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేయండి. మీ ఇంజిన్ 3,000 దగ్గర హాయిగా లాగుతుందనుకుంటే, పైన చెప్పిన గేరుబాక్సులో మొదటి గేరును 4,500 దాకా, రెండోదాన్ని 4,000 దాకా, మూడోదాన్ని 3,750 దాకా, నాలుగోదాన్ని 3,600 దాకా తీసుకెళ్లి మార్చాలి. కొత్తవారిలో చాలామంది దీనికి సరిగ్గా విరుద్ధంగా చేస్తారు. మొదటి గేరు శబ్దం చేస్తోందని కంగారుపడి తొందరగా రెండోదానికి వెళ్తారు, పై గేర్లలో మాత్రం చాలాసేపు ఆగుతారు. అప్పుడు బరువైన బండి ఇంకా పూర్తిగా కదలికలోకి రాకముందే ఇంజిన్ వేగం అడుగంటి, బండి ఉలిక్కిపడినట్టు కుదుపుతుంది.

అంకెలు బండిని బట్టి మారతాయన్నది మరువకూడదు. పెద్ద సిలిండర్లు రెండే ఉండే హార్లీ ఇంజిన్‌కు అత్యధిక టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) నిమిషానికి 3,000 చుట్ల పైచిలుకు దగ్గరే అందుతుంది కాబట్టి, అది తక్కువ చుట్ల మీద కూడా బలంగా లాగుతుంది. 2014లో స్పైడర్ ఆర్‌టీకి వచ్చిన మూడు సిలిండర్ల రోటాక్స్ 1330 ఇంజిన్‌కు అత్యధిక టార్క్ 5,000 దగ్గర, అత్యధిక శక్తి 7,250 దగ్గర అందుతాయి. ఒక బండి మీద నేర్చుకున్న అంకెను రెండోదాని మీదికి తీసుకెళితే, ఒకదాన్ని అనవసరంగా అరిపించడమో, రెండోదాన్ని ఊపిరాడకుండా చేయడమో జరుగుతుంది. మీ బండి పుస్తకంలో టార్క్ ఏ చుట్ల దగ్గర అత్యధికమో, ఎర్రగీత (ఇంజిన్ దాటకూడని చుట్ల హద్దు) ఎక్కడ మొదలవుతుందో చూసి ఆ రెండు అంకెలను గుర్తుపెట్టుకోండి. రోజువారీ నడకలో గేరు మార్చే చోట్లు చాలావరకు ఆ టార్క్ అంకెకు కొంచెం కింద, కొంచెం పైన ఉంటాయి.

ఇంజిన్ ఏం చెబుతోంది

గేరు ఎక్కువైనప్పుడు, అంటే బండి వేగానికి మించిన పై గేరులో ఉన్నప్పుడు, ఇంజిన్ శబ్దం లావుగా, బరువుగా మారుతుంది. ఒక్కో పేలుడూ విడివిడిగా వినిపించినట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే శబ్దం పెరుగుతుంది గానీ బండి ముందుకు రాదు. హ్యాండిల్‌లోనూ, కాళ్లకింద ఫుట్‌బోర్డులోనూ ముతక వణుకు పుడుతుంది. ఇంకా ఎక్కువైతే బెల్టు లేదా చైను ఒకసారి బిగిసి ఒకసారి వదులై బండి ముందుకూ వెనక్కూ గుంజుతుంది. ఈ స్థితిలో యాక్సిలరేటర్ మరింత తెరిస్తే కొన్ని ఇంజిన్లలో లోపలి నుంచి సన్నని లోహపు టకటక వినిపిస్తుంది. ఇంధనం అదుపు లేకుండా తనంతట తాను పేలుతోందని దాని అర్థం, అది పిస్టన్లకూ బేరింగులకూ చేటు. ఆ శబ్దం వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి ఒక గేరు దిగాలి.

గేరు తక్కువైనప్పుడు గుర్తులు వేరుగా ఉంటాయి. శబ్దం సన్నగా, గట్టిగా మారుతుంది. చేతికి సన్నని జుమ్మనే కంపనం తగులుతుంది. ముఖ్యమైన గుర్తు ఏమిటంటే, యాక్సిలరేటర్ కొంచెం మూసినా బండి ఎవరో వెనక్కి లాగినట్టు ఆగుతుంది, కొంచెం తెరిచినా ఎగిరిపడుతుంది. కూర్చున్నవారి తల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఇది ఇంజిన్‌కు వెంటనే ప్రమాదం కాదు, ఎర్రగీతలోకి వెళ్లనంతవరకు. కాబట్టి ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పకపోతే, ఒక గేరు తక్కువలో ఉండటమే మేలని నా దృఢమైన అభిప్రాయం. బరువైన మూడు చక్రాల బండికి ఆపద వేళ తప్పుకోవడానికి శక్తి చేతిలో ఉండాలి, అది పై గేరులో దొరకదు.

ఈ రెండు హద్దుల మధ్య సరైన గేరును పరీక్షించే తేలికైన పద్ధతి ఒకటి ఉంది. స్థిరంగా పోతున్నప్పుడు యాక్సిలరేటర్‌ను అతి కొద్దిగా తెరవండి. బండి వెంటనే, వణుకు లేకుండా వేగం అందుకుంటే గేరు సరైనదే. శబ్దం మాత్రమే మారి బండి మారకపోతే ఒకటి దిగండి. బండి ఉరికినట్టు దూకి, వదలగానే బ్రేకు వేసినట్టు ఆగితే ఒకటి ఎక్కండి. ఈ పరీక్షకు ఒక క్షణం చాలు, ఏ రోడ్డు మీదైనా చేయవచ్చు.

చెవిని తయారుచేసుకోవడానికి ఖాళీగా ఉన్న తిన్నని చోటును, వాహనాలు రాని పెద్ద మైదానాన్ని ఎంచుకోండి. రెండో గేరులోకి వచ్చి నెమ్మదిగా పోతూ, ఇక గేరు మార్చకుండా ఇంజిన్‌ను అడుగు నుంచి మధ్య దాకా, మధ్య నుంచి పై దాకా తీసుకెళ్లండి. ఎర్రగీత జోలికి పోవద్దు. శబ్దం ఎక్కడ బరువు విడిచి తేలికైందో, ఎక్కడ మళ్లీ గట్టిపడిందో గమనించండి. తర్వాత మూడో గేరులో ఇదే చేయండి. ఆపైన, చుట్లు చూపే మీటరు వంక చూడకుండా, శబ్దం విని ఆ అంకెను మనసులో అనుకుని, అప్పుడు మీటరు చూడండి. మొదట్లో అంచనా చాలా దూరంగా ఉంటుంది, త్వరలోనే దగ్గరపడుతుంది. అంచనా దగ్గరపడిన తర్వాత రోడ్డు మీద కళ్లు మీటరు వైపు పోవు, అదే ఈ అభ్యాసం వల్ల కలిగే అసలు లాభం. పూర్తిగా మూసే హెల్మెట్, చెవులకు గాలి సోకకుండా పెట్టుకునే బిరడాలు శబ్దాన్ని మార్చేస్తాయి కాబట్టి, రోజూ ఏవి వాడతారో వాటితోనే సాధన చేయాలి.

పై గేరుకు వెళ్లడం

మొదటి గేరు ఉన్నది బండిని కదిలించడానికి. అరక్లచ్ మీద బండి కదలడం మొదలై, క్లచ్ పూర్తిగా విడిచిన తర్వాత ఇంజిన్ కాస్త పుంజుకోనివ్వండి, అప్పుడే రెండో గేరు. బరువు ఎక్కువ కనుక ఇక్కడ అరక్లచ్ మీద ఎక్కువసేపు ఉండాలనిపిస్తుంది. మోటారుసైకిళ్లలో ఎక్కువవాటికి క్లచ్ పలకలు నూనెలో మునిగి ఉంటాయి కాబట్టి కొంత జారుడును ఓర్చుకుంటాయి, అయినా అది అలవాటు కాకూడదు. చదును మీద యాక్సిలరేటర్‌ను ఎక్కువగా తెరవకుండా, క్లచ్ పట్టుకునే చోటును ఎడమ చేతి వేళ్లతో గుర్తుపట్టి, అక్కడ ఒక్క క్షణం నిలిపి వదలడం నేర్చుకోవాలి.

గేరు మార్చే క్రమం ఇలా ఉంటుంది. గేరు మార్చాలని నిర్ణయించిన క్షణంలో ఎడమ పాదపు బొటనవేలి భాగాన్ని లివర్ కిందికి చేర్చి కొద్దిగా పైకి ఒత్తిడి పెట్టి ఉంచండి. యాక్సిలరేటర్ మూయడం, క్లచ్ నొక్కడం దాదాపు ఒకేసారి జరగాలి. క్లచ్‌ను హ్యాండిల్ దాకా నొక్కవలసిన పనిలేదు, పట్టు విడిచే చోటు దాటితే చాలు. ఒత్తిడి ముందే ఉంది కనుక లివర్ తనంతట పైకి జరిగి గేరు పడుతుంది. లివర్‌ను చివరిదాకా పోనివ్వాలి, మధ్యలో ఆపితే రెండు గేర్ల మధ్య ఖాళీలో చిక్కుకుని ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. క్లచ్ వదులుతూ, యాక్సిలరేటర్ తెరుస్తూ, రెండు చేతుల పనీ ఒకదానితో ఒకటి కలిసేలా చూడాలి. గేరు పడిన తర్వాత పాదాన్ని లివర్ కింద నుంచి తీసేయండి, లేకపోతే కుదుపుకు పాదం తగిలి గేరు జారవచ్చు. మడమతోనూ నొక్కగలిగే పెద్ద లివర్ ఉన్న బండ్లలో పై గేరుకు మడమతో వెనుక పలకను కిందికి నొక్కుతారు. పాదాన్ని లివర్ కిందికి దూర్చవలసిన అవసరం లేకపోవడం వల్ల, బూటు పెద్దదైనవారికి అది తేలిక.

ఈ మొత్తం పని తొందర లేకుండా, ఆలస్యం కాకుండా జరగాలి. క్లచ్ నొక్కి ఉన్నంతసేపూ బండికి ఇంజిన్ బలం లేదు. గాలికి ఎదురుగా విశాలంగా ఉండే మూడు చక్రాల బండి ఆ కొద్దిపాటి సమయంలోనే వేగం కోల్పోతుంది, ఎత్తెక్కుతున్నప్పుడు ఇంకా ఎక్కువగా కోల్పోతుంది. అప్పుడు పై గేరు మీద పడే భారం మీరు ఊహించినదాని కంటే పెద్దదిగా ఉంటుంది.

సైడ్‌కార్ నడిపేవారికి మరొక మాట. తొట్టి కుడి పక్కన ఉంటే, వేగం పెంచినప్పుడు బండి కుడికి లాగుతుంది, యాక్సిలరేటర్ మూసినప్పుడు ఎడమకు లాగుతుంది. తొట్టి ఎడమ పక్కన ఉంటే ఇది తారుమారవుతుంది. కాబట్టి ఒక్క గేరు మార్పులోనే బండి ఒకసారి ఒక పక్కకు, మరుక్షణం రెండో పక్కకు తల తిప్పుతుంది. హ్యాండిల్‌ను ముందే ఆ మేరకు పట్టి ఉంచాలి, పక్కనే వాహనం ఉన్నప్పుడు గేరు మార్చడం కొంచెం వాయిదా వేయాలి.

కింది గేరుకు దిగడం

కింది గేరుకు దిగినప్పుడు ఇంజిన్ చుట్లు పెరుగుతాయి. ఐదు నుంచి నాలుగుకు దిగితే ఆ పెరుగుదల చిన్నది, రెండు నుంచి ఒకటికి దిగితే చాలా పెద్దది. ఆ పెరుగుదలను వెనుక చక్రాల చేత చేయిస్తే బండి కుదుపుతుంది. మీ చేతితో చేస్తే కుదుపు ఉండదు. అంటే క్లచ్ నొక్కి ఉన్న ఆ క్షణంలో యాక్సిలరేటర్‌ను కొద్దిగా తట్టి, ఇంజిన్ చుట్లను కొత్త గేరుకు తగినంతగా పెంచి, అప్పుడు క్లచ్ వదలాలి. సరిగ్గా కుదిరితే గేరు మారినట్టు శబ్దంలో తెలుస్తుంది గానీ శరీరానికి తెలియదు.

హార్లీ తరహా బండ్లలో ముందు బ్రేకు కూడా కుడి చేతికే ఉంటుంది కనుక, బ్రేకు పట్టుకుంటూనే యాక్సిలరేటర్ తట్టడం కొత్తవారికి కష్టం. వారు మొదట్లో బ్రేకు కొంచెం ముందుగా మొదలుపెట్టి, వేగం తగ్గిన తర్వాత క్లచ్‌ను నెమ్మదిగా వదులుతూ దిగడం మంచిది. స్పైడర్‌లో కుడి కాలి పెడల్ ఒక్కటే మూడు చక్రాలకూ బ్రేకు వేస్తుంది, చేతికి బ్రేకు లేదు. కాబట్టి చేతి క్లచ్ ఉన్న స్పైడర్ మీద బ్రేకు వేస్తూనే కుడి చేత్తో ఇంజిన్ చుట్లు సరిచూసుకోవడం ఎంతో తేలిక. ఈ సౌకర్యాన్ని చాలామంది గమనించరు.

వెనుక ఒకే చక్రం ఉన్న బండి మీద తడి రోడ్డులో దిగే గేర్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఇంజిన్ నిలువరించే బలమంతా ఆ ఒక్క టైరు మీద పడుతుంది. ఒకేసారి రెండు గేర్లు దిగి క్లచ్ ఠక్కున వదిలితే ఆ టైరు పట్టు కోల్పోయి వెనుక భాగం పక్కకు జరగవచ్చు. ఒక్కొక్క గేరే దిగాలి, ప్రతిసారీ క్లచ్ పూర్తిగా వదలాలి.

మలుపు రాకముందే గేరు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే అది ఇదే కావాలని కోరుకుంటాను. వంగని మూడు చక్రాల బండి మీద, మలుపుకు కావలసిన గేరు మలుపు మొదలయ్యే ముందే పడి ఉండాలి, క్లచ్ పూర్తిగా వదిలి ఉండాలి.

కారణం చేతుల్లో ఉంది. రెండు చక్రాల బండి వంగి తిరుగుతుంది, వంగిన తర్వాత హ్యాండిల్ మీద పెద్దగా బలం అక్కరలేదు. వంగని బండిలో హ్యాండిల్‌ను ఒక పక్క నెట్టి, మరో పక్క లాగి, మలుపు పొడవునా అలాగే పట్టి ఉంచాలి. అదే సమయంలో శరీరం బయటి వైపుకు తోసుకుపోతుంది, దానికి ఎదురు నిలవడానికి కూడా చాలామంది హ్యాండిల్‌నే ఆధారం చేసుకుంటారు. అలాంటప్పుడు ఎడమ చేతి వేళ్లు నాలుగింటినీ విప్పి క్లచ్ మీదికి చాపితే, ఎడమ పక్క పట్టు బొటనవేలి మీదా అరచేతి మీదా మాత్రమే మిగులుతుంది. బండి గీత తప్పి వెడల్పుగా పోయేది చాలాసార్లు ఇక్కడే. దానికి తోడు, గేరు కోసం ఎడమ పాదం కదిలితే శరీరానికి ఉన్న మరో ఆధారం కూడా పోతుంది.

రెండో కారణం చక్రాల మీద బరువు. మలుపులో బరువు బయటి చక్రం మీదికి పోయి లోపలి చక్రం తేలికవుతుంది. యాక్సిలరేటర్‌ను సన్నగా, స్థిరంగా తెరిచి ఉంచితే ఆ పంపకం నిలకడగా ఉంటుంది. మధ్యలో క్లచ్ నొక్కితే బండి ఒక్కసారిగా తేలిపోయినట్టు అవుతుంది. మళ్లీ వదిలితే ముందుకో వెనక్కో బరువు కదులుతుంది. స్పైడర్ వంటి బండ్లలో ఉండే స్థిరత్వ నియంత్రణ అలాంటప్పుడు జోక్యం చేసుకుని ఇంజిన్ బలం తగ్గించవచ్చు, కానీ దాని మీద ఆధారపడి నడపడం సరికాదు.

కాబట్టి పని క్రమం ఇలా ఉండాలి. మలుపు కనిపించగానే దాని అవతలి వైపు దాకా చూసి, ఎంత వేగంతో బయటకు రావాలనుకుంటున్నారో అనుకోండి. బండి తిన్నగా ఉండగానే బ్రేకుతో వేగం తగ్గించండి. ఆ తగ్గిన వేగానికి, మలుపు నుంచి బయటకు లాగడానికి సరిపడే గేరుకు దిగండి. క్లచ్ వదిలి, చేతి వేళ్లన్నీ పిడి చుట్టూ బిగించి, అప్పుడు హ్యాండిల్ తిప్పండి. లోపల యాక్సిలరేటర్ స్థిరంగా ఉంచి, హ్యాండిల్ తిన్నబడుతున్న కొద్దీ తెరవండి. పై గేరు వేయాలనిపిస్తే మూడు చక్రాలూ తిన్నగా వచ్చేవరకు ఆగండి. మలుపులోకి వెళ్లాక గేరు ఎక్కువైందని తెలిస్తే, యాక్సిలరేటర్‌ను మరీ ఎక్కువగా తెరవకుండా అలాగే బయటకు వచ్చి తర్వాత దిగడం, మధ్యలో దిగడం కంటే చాలాసార్లు క్షేమం. ఇంజిన్ మరీ గుంజి ఆగిపోయేలా ఉంటే మాత్రం క్లచ్ నొక్కక తప్పదు, అప్పుడు కూడా వదలడం మెత్తగా ఉండాలి.

దీన్ని సాధన చేయడానికి మైదానంలో రెండు గుర్తులు పెట్టుకుని వాటి చుట్టూ తిరగండి. మూడో గేరులో తిన్నగా రావడం, గుర్తు రాకముందే రెండో గేరుకు దిగడం, రెండులోనే చుట్టి రావడం, తిన్నబడ్డాక మూడు. ఎడమ చేయి మలుపులో ఒక్కసారి కూడా క్లచ్ వైపు పోకుండా ఉండేదాకా చేయండి.

ఎత్తు, వాలు, బరువు

ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ బరువెక్కడం మొదలవగానే గేరు దిగాలి. వేగం పడిపోయిన తర్వాత దిగితే ఒకటికి బదులు రెండు గేర్లు దిగవలసి వస్తుంది. ఎత్తు మీద పై గేరు వేయాలంటే చదును మీద కంటే ఎక్కువ చుట్ల దాకా తీసుకెళ్లి వేయాలి, ఎందుకంటే క్లచ్ నొక్కిన సమయంలో బండి వేగం కూడా తగ్గుతుంది. వేసిన వెంటనే ఇంజిన్ మళ్లీ బరువెక్కితే ఆ ఎత్తు అయ్యేవరకు కింది గేరులోనే ఉండిపోండి. వెనుక మనిషి, పెట్టెల నిండా సామాను ఉన్నప్పుడు ప్రతి మార్పును ఇదే విధంగా కొంచెం ఆలస్యం చేయాలి.

వాలు దిగేటప్పుడు గేరు వాలు మొదట్లోనే వేసుకోవాలి. న్యూట్రల్‌లో గానీ క్లచ్ నొక్కి గానీ జారనిస్తే, ఆ బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. బ్రేకును అప్పుడప్పుడు తాకితే చాలేలా ఇంజిన్ నిలువరించగలిగే గేరు సరైనది.

ఆగడం, వెనక్కి తీయడం

మూడు చక్రాల బండి ఆగినప్పుడు కాలు కింద పెట్టనవసరం లేదు. ఈ సుఖమే ఒక మరుపుకు దారితీస్తుంది: మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉండగానే క్లచ్ నొక్కి బండి ఆపేస్తారు. మోటారుసైకిల్ గేర్లు ఒకదాని తర్వాత ఒకటిగానే దిగుతాయి, నిలబడి ఉన్న బండిలో లోపలి పళ్లు ఎదురెదురుగా నిలిచి కొన్నిసార్లు అసలు దిగవు. అప్పుడు క్లచ్‌ను కొద్దిగా వదిలి మళ్లీ నొక్కి, ఒక్కో గేరూ దించాలి. వెనుక వాహనాలు ఉన్నప్పుడు ఇది మంచి స్థితి కాదు. బండి ఇంకా కదులుతుండగానే ఒక్కొక్కటిగా దిగుతూ, పూర్తిగా ఆగేసరికి మొదటి గేరులో ఉండాలి. ఎక్కువసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్ వేసి బ్రేకు పట్టి ఉంచండి. చక్రాలు ఇంకా కొద్దిగా దొర్లుతుండగా రెండో గేరు నుంచి అరనొక్కు నొక్కితే న్యూట్రల్ తేలికగా దొరుకుతుంది.

వెనుక రెండు చక్రాలున్న బండి మీద ఒక హెచ్చరిక చాలా ముఖ్యం. బండి కదులుతుండగా పాత అలవాటుతో ఎడమ కాలు నేల మీదికి దించకూడదు. వెనుక చక్రం మీ పాదం వెనుకే వస్తోంది, అది పాదాన్ని తొక్కేస్తుంది. పాదం ఎప్పుడూ ఫుట్‌బోర్డు మీద, గేరు లివర్ అందుబాటులో ఉండాలి.

వెనక్కి తీసే అమరిక ఉన్న బండ్లలో దాన్ని బండి పూర్తిగా ఆగిన తర్వాతే వాడాలి. అది కొన్నింటిలో గేరుబాక్సులోనే ఉంటుంది, కొన్నింటిలో విడి విద్యుత్ మోటారుతో నడుస్తుంది. ఆపి వెళ్లేటప్పుడు పార్కింగ్ బ్రేకు తప్పనిసరిగా వేయండి; చేతి క్లచ్ ఉన్న బండిని మొదటి గేరులో ఉంచి వెళ్లడం అదనపు భద్రత.

క్లచ్ లివర్ లేని స్పైడర్

స్పైడర్‌లో వేళ్లతో గేరు మార్చే రూపానికి క్లచ్‌ను బండే చూసుకుంటుంది. పై గేరు మీరు అడిగితేనే పడుతుంది; ఇంజిన్ చుట్లు బాగా పడిపోతే కింది గేరుకు అది తనంతట తానే దిగుతుంది. ఈ ఏర్పాటు ఇంజిన్ ఆగిపోకుండా కాపాడటానికి ఉద్దేశించింది, సరైన వేళకు గేరు దించడానికి కాదు. దాని మీదే వదిలేస్తే అది మలుపు మధ్యలో దిగవచ్చు, అదే మనం వద్దనుకున్నది. కాబట్టి మలుపుకు ముందు, వాలుకు ముందు మీ వేలితోనే దించండి. ఆ ఇంజిన్ తక్కువ చుట్ల మీద నడవడాన్ని ఇష్టపడదు కనుక, ప్రతి గేరునూ కొంచెం ఎక్కువసేపు పట్టి ఉంచడం దానికి మంచిది.

వేళ సరిగ్గా తెలిసి, చేయీ కాలూ కలిసి పనిచేస్తున్నా గేరు గట్టిగా పడుతుంటేనో, న్యూట్రల్ దొరకకపోతేనో, అప్పుడు బండిని అనుమానించండి. క్లచ్ పూర్తిగా నొక్కినా మొదటి గేరులో బండి ముందుకు పాకుతుంటే క్లచ్ సరిగా విడవడం లేదన్నమాట. తీగతో పనిచేసే క్లచ్ అయితే లివర్ మొదట్లో ఉండే వదులు పుస్తకంలో చెప్పినంతే ఉందో లేదో చూడాలి, ద్రవంతో పనిచేసేదైతే ద్రవం మట్టం చూడాలి. దానికి విరుద్ధంగా, యాక్సిలరేటర్ తెరిచినప్పుడు చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. లివర్ మీ బూటుకు మరీ ఎత్తులోనో మరీ కిందనో ఉంటే దాన్ని సర్దించుకోండి, చీలమండ నొప్పి పుట్టే ఎత్తులో ఉన్న లివర్‌తో ఎవరూ వేళకు గేరు మార్చలేరు.